వేరు ఎండితే ఫలమెక్కడిది?

కార్తీకమాసం వచ్చిందంటే చాలు, దేశ రాజధానిని పొగ కమ్ముకోవడం ఏటా చూస్తున్న దృశ్యమే. వృద్ధులు, పిల్లలు ఊపిరాడక ఆసుపత్రుల ముందు బారులు తీరుతారు. బడులకు సెలవులు ప్రకటిస్తారు. సుప్రీంకోర్టు ప్రభుత్వాలను నిలదీస్తుంది. ప్రభుత్వాలు ఒకదానిపై మరొకటి నెపం నెట్టుకుంటాయి. అదే సమయంలో ఢిల్లీ చుట్టూ హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పొలాల్లో అప్పుడే మొలకెత్తుతున్న గోధుమ పైరుకు ఎండ సరిగా సోకదు. పొగలోని మసి, ఓజోన్ వాయువు, పెరుగుతున్న ఉష్ణోగ్రత కలిసి పైరును ఎంతగా దెబ్బతీస్తున్నాయో 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఈ దుష్ప్రభావాలు లేకుంటే రాగల దిగుబడితో పోలిస్తే 2010లో మన గోధుమ దిగుబడి సగటున 36 శాతం వరకూ తక్కువగా ఉందని అది తేల్చింది.

ఈ విపత్తుపై జరిగే చర్చల్లో రెండు మౌలికమైన ప్రశ్నలు ఎవరికీ గుర్తు రావు. మనిషికి ఆయాసం కలుగుతోందన్న వార్తను మెదడుకు చేరవేసేది ఎవరు? ఆకు తనపై పడిన వెలుతురును ఆహారంగా ఎలా మారుస్తోంది, అందులో ఎంత వృథా చేస్తోంది? మొదటిది నాడీకణానికి సంబంధించిన ప్రశ్న, రెండోది పత్రహరితానికి సంబంధించినది. పైకి వీటికి పొంతన లేనట్టే కనిపిస్తుంది. కాని రెండింటికీ సమాధానం వెతికేది జీవభౌతిక శాస్త్రమే. జీవపదార్థంలో బలం, విద్యుత్తు, వెలుతురు ఎలా పనిచేస్తాయో పరిశీలించే శాస్త్రమిది. ఈ రెండు ప్రశ్నలనూ ఢిల్లీ ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా కొందరు ఓర్పుతో పరిశోధించారు. వారి కృషి ఏ సంతలోనూ అమ్ముడుపోయే సరుకు కాదు. అందువల్లనే నేటి నిధుల కేటాయింపుల్లో అటువంటి కృషికి చోటు కుంచించుకుపోతోంది. దీర్ఘకాలంలో దేశానికి ఇది పెద్ద నష్టం కాగలదు.

గుండె నుంచి మెదడుకు వార్త

ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వల్లభభాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పేరు క్షయ, ఉబ్బసం రోగులకు సుపరిచితం. ఆ సంస్థకు 1964 నుంచి చాలాకాలం సారథ్యం వహించిన డాక్టర్ అవతార్ సింగ్ పెయింటల్ పేరు మాత్రం మన పాఠకుల్లో ఎక్కువమందికి తెలియదు. బర్మాలోని మొగోక్‌లో 1925లో జన్మించి, లక్నోలో వైద్యవిద్య అభ్యసించి, ఎడిన్‌బరోలో పరిశోధన సాగించిన ఆయన గుండె, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు వెళ్లే నాడీతంతువులను ఒక్కొక్కటిగా వేరుచేసి, వాటిలో ప్రయాణించే విద్యుత్ ప్రచోదనాలను నమోదు చేశారు. తల వెంట్రుక కంటే ఎంతో సన్నని తంతువులవి. వాటిని తెగకుండా వేరుచేయడమే ఒక తపస్సు.

ఆయన 1953లో ప్రకటించిన పరిశోధన గుండె పైగదుల గోడల్లోని నాడీ గ్రాహకాలకు సంబంధించినది. రక్తం నిండినప్పుడు ఆ గోడ సాగుతుంది. గోడ సాగినప్పుడు అందులోని నాడీ కొస కూడా సాగుతుంది. ఆ యాంత్రికమైన ఒత్తిడి విద్యుత్ సందేశంగా మారి మెదడుకు చేరుతుంది. అంటే గుండెలోకి ఎంత రక్తం వస్తున్నదో నాడి క్షణక్షణం కొలిచి చెబుతుందన్నమాట. 1955లో ఆయన ఊపిరితిత్తుల్లో మరో రకం గ్రాహకాలను వర్ణించారు. అవి అతిసూక్ష్మ రక్తనాళాల పక్కనే ఉంటాయని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆ ప్రదేశం ఉబ్బినప్పుడు అవి మేలుకొంటాయని 1969 నాటి పరిశోధనలో వివరించారు. వైద్యగ్రంథాలు నేడు వాటిని 'జె' గ్రాహకాలుగా పేర్కొంటున్నాయి. గుండెజబ్బుతో బాధపడే వ్యక్తి వేగంగా, పైపైన శ్వాసించడంలో వీటి పాత్ర ఉన్నది. ఈ కృషికి గుర్తింపుగా 1981లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకున్నది.

కాగా ఒత్తిడిని విద్యుత్తుగా మార్చే అణువు ఏది అన్న ప్రశ్న చాలాకాలం మిగిలిపోయింది. అమెరికాలో ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో 'పీజో' అనే ప్రోటీన్లను కనుగొన్నది. కణం పొర సాగినప్పుడు తెరుచుకునే ద్వారాల వంటివి ఇవి. రక్తపోటులో హెచ్చుతగ్గులను నాడులు పసిగట్టడం వెనుక కూడా ఇవే ఉన్నాయని 2018లో తేలింది. 2021లో పటపూటియన్‌కు, ఉష్ణగ్రాహకాలను కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు కలిపి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1953 నుంచి 2010 వరకు లెక్కిస్తే 57 సంవత్సరాలు. పెయింటల్ 2004లో కన్నుమూశారు. తాను చెవి ఒగ్గి విన్న సందేశానికి మూలంలో ఉండే ఇటువంటి ద్వారాలను చూసే అవకాశం ఆయనకు దక్కలేదు. మౌలిక శాస్త్రం లెక్కలు తేలే కాలపరిమాణం ఇది. ఏ పంచవర్ష ప్రణాళికలోనూ, ఏ మూడేళ్ల ప్రాజెక్టులోనూ అది ఇమడదు.

నాడీకణం యాంత్రికశక్తులకు స్పందించడమే కాదు, వాటిని తట్టుకోవలసి కూడా వస్తుంది. మనం చేయి చాపినా, మెడ తిప్పినా నాడీతంతువులు సాగుతాయి. అవి తెగకుండా కాపాడే 'స్పెక్ట్రిన్' అనే ప్రోటీన్ అల్లిక వాహనాల్లో కుదుపును మింగే స్ప్రింగు వలె పనిచేస్తుందని బెంగళూరులోని రామన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2020లో ప్రకటించారు. దీనివల్ల సామాన్యుడికి ఒరిగేదేమిటని ఎవరైనా అడగవచ్చు. 2022లో మన రహదారులపై 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. తలకు దెబ్బ తగిలి, పైకి గాయం లేకుండానే మెదడులోని తంతువులు సాగి తెగిపోయి మంచాన పడినవారి బాధ ఈ లెక్కలోకి రాదు. తంతువు ఎంత వేగంగా, ఎంతమేరకు సాగితే తెగుతుందో తెలియకుండా మంచి శిరస్త్రాణాన్నిగాని, సరైన చికిత్సనుగాని రూపొందించడం చీకట్లో తడుములాటే అవుతుంది.

ఆకు ఆర్జన, నాడి ఖర్చు

మన శరీరం బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. విశ్రాంతిగా ఉన్నప్పుడు సైతం శరీరం వినియోగించే శక్తిలో దాని వాటా సుమారు 20 శాతం. నాడీకణం పొర మందం మిల్లీమీటరులో దాదాపు రెండు లక్షల వంతు మాత్రమే. ఆ పొరకు ఇరువైపులా సుమారు 70 మిల్లీవోల్టుల విద్యుత్ తేడాను నిలుపుకోవడానికి కణం నిరంతరం సోడియంను బయటకు తోడిపోస్తూనే ఉండాలి. ఆ శ్రమకు చెల్లించే నాణెం పేరు ఏటీపీ. ఈ నాణెం కథలో ఒక తెలుగువాడి పేరు ఉన్నదన్న సంగతి మనం గర్వంగా స్మరించుకోదగినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో ఏటీపీని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. భాస్వరాన్ని కొలవడానికి ఫిస్కే, సుబ్బారావులు 1925లో రూపొందించిన పద్ధతి నేటికీ ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్నది.

ఇక ఈ నాణేన్ని ముద్రించే టంకశాల ఎక్కడ ఉన్నది? మన కణాల్లోనూ ఉన్నది, ఆకులోనూ ఉన్నది. అయితే మన టంకశాలకు అవసరమైన ముడిసరుకు అంతా ఆకు నుంచి రావలసిందే. సూర్యరశ్మి తగలగానే ఆకులోని హరితరేణువుల్లో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు కదులుతాయి. ఫలితంగా ఒక పలుచని పొరకు ఒకవైపు హైడ్రోజన్ అయాన్లు పోగుపడతాయి. ఆనకట్ట వెనుక నిలిచిన నీరు తూముగుండా దూకుతూ చక్రాన్ని తిప్పినట్టు, అవి తిరిగి వచ్చేటప్పుడు ఒక అణుయంత్రం గిరగిరా తిరిగి ఏటీపీని తయారుచేస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మని ఈ సిద్ధాంతానికి 1978లో నోబెల్ లభించింది. అణుయంత్రం తిరిగే తీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో దక్కింది.

ఏతావతా ఆకు ఆర్జించేదీ, నాడి ఖర్చు చేసేదీ ఒకటే శక్తి. రెండూ పనిచేసేది పలుచని పొరకు ఇరువైపులా విద్యుత్ తేడాను నిలిపే ఒకే భౌతిక సూత్రం మీద. ఈ రెంటినీ ఒకే చూపుతో పరిశీలించినవాడు మన దేశంలో ఒకరున్నారు. ఆచార్య జగదీశ్ చంద్రబోస్ 1924లో కిరణజన్య సంయోగక్రియపైన, 1926లో మొక్కల నాడీవ్యవస్థపైన వేర్వేరు గ్రంథాలు వెలువరించారు. మొక్కలకు నాడులున్నాయన్న ఆయన వాదాన్ని అందరూ అంగీకరించలేదు. అయితే మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్నది నేడు నిర్వివాదాంశం.

జెఎన్‌యులో వెలిగిన ఆకు

దక్షిణ ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పేరు చెప్పగానే విద్యార్థి రాజకీయాలే గుర్తుకురావడం పరిపాటి. అక్కడి జీవశాస్త్రాల విభాగం దేశంలో కిరణజన్య సంయోగక్రియ పరిశోధనకు పెద్ద కేంద్రాల్లో ఒకటి అన్న సంగతి మరుగున పడింది. ఒడిశాకు చెందిన ఆచార్య ప్రసన్న మహంతి అమెరికాలో అలహాబాదుకు చెందిన సుప్రసిద్ధ శాస్త్రవేత్త గోవింద్‌జీ వద్ద డాక్టరేటు పొంది, స్వదేశానికి తిరిగివచ్చి జెఎన్‌యులో దశాబ్దాలపాటు శిష్యులను తీర్చిదిద్దారు. 2013లో మరణించేవరకు ఆయన మనసంతా ఆకు మీదే. ఎండ, వేడి ఎక్కువైనప్పుడు ఆకులోని కాంతియంత్రం ఎలా దెబ్బతింటుందన్నది ఆయన ప్రధాన పరిశోధనాంశాల్లో ఒకటి.

దీనికి సాధనం ప్రతిదీప్తి. ఆకు గ్రహించిన వెలుతురునంతటినీ వాడుకోలేదు. కొంత వేడిగా వదిలేస్తుంది, మరికొంత మన కంటికి ఆనని ఎర్రని మెరుపుగా వెనక్కి ఇస్తుంది. ఆ మెరుపు తీరును బట్టి ఆకు ఆరోగ్యాన్ని చెప్పవచ్చు. నాడి పట్టి చూసే వైద్యుని పద్ధతే ఇదీ. చీకటిగదిలో ఒక ఆకు ముక్కపై దశాబ్దాలపాటు సాగిన ఈ కొలతలు ఒకనాడు ఆకాశానికి ఎక్కుతాయని ఎవరు ఊహించారు? 2011లో జపాన్ ఉపగ్రహం 'గోశాట్' పంపిన సమాచారం ఆధారంగా భూమండలమంతటా పైరుల ప్రతిదీప్తిని చూపే పటాలు వెలువడ్డాయి. ఆకుపచ్చదనం తగ్గకమునుపే పైరు పడుతున్న బాధను తెలుసుకునే మార్గం దీనివల్ల తెరుచుకున్నది. పంటల బీమా, దిగుబడి అంచనాలు, ధాన్యం దిగుమతుల నిర్ణయాలు మొదలైన ఆర్థిక వ్యవహారాలకు ఇది ఎంత విలువైన సమాచారమో వేరే చెప్పనవసరం లేదు.

మరో ఉదాహరణ. ఎండ తీవ్రమైనప్పుడు అదనపు శక్తిని వేడిగా వదిలించుకునే రక్షణ ఏర్పాటు ఆకులో ఉన్నది. మబ్బు పట్టగానే ఆ ఏర్పాటు వెంటనే ఆగదు. కొన్ని నిమిషాలపాటు ఆకు అనవసరంగా శక్తిని పారబోస్తూనే ఉంటుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించి పొగాకు మొక్కల ఎదుగుదలను సుమారు 15 శాతం పెంచగలిగినట్టు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు 2016లో ప్రకటించారు. వరి, గోధుమ వంటి పైర్లు తమపై పడే సూర్యశక్తిలో సిద్ధాంతరీత్యా సుమారు 4.6 శాతం వరకు నిలువ చేసుకోగలవు. పొలంలో సాధారణంగా నిలిచేది ఒక శాతం చుట్టుపక్కలే. నీరు, నేల, ఎరువుల విషయంలో హద్దులకు చేరువవుతున్న మన వ్యవసాయానికి ఈ తేడాలోనే రేపటి ఆశ ఉన్నది.

తెలుగునాట ఈ కృషి జరగలేదని అనుకోరాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్.రామదాసు, ఆయన శిష్యుడు, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య ఎ.ఎస్.రాఘవేంద్ర 'సి-4' మొక్కలపై విశేష కృషి గావించారు. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు ఈ కోవకు చెందినవే. ఎండ కాసే మెట్టప్రాంతాల్లో తక్కువ నీటితో ఎక్కువ ఎదిగే గుణం వీటి సొంతం. రాయలసీమ రైతు అనుభవంతో ఎరిగిన సత్యానికి శాస్త్రకారణాన్ని అన్వేషించిన కృషి అది. ఢిల్లీ సమీపంలోని మానేసర్‌లో నెలకొన్న జాతీయ మెదడు పరిశోధనా కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారే. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు బాగుంటే జాతీయసంస్థలకు సారథులు ఎక్కడినుంచి వస్తారో ఇది చెబుతున్నది.

పద్దుల్లో కనిపించే చిత్రం

ఇప్పుడు పద్దుల వంక చూద్దాం. అధికారిక లెక్కల ప్రకారం 2020-21లో పరిశోధన, అభివృద్ధిపై దేశం మొత్తం వెచ్చించినది 1,27,381 కోట్ల రూపాయలు. స్థూల దేశీయోత్పత్తిలో ఇది 0.64 శాతం. దీనిని 2 శాతానికి చేర్చాలని 2013 నాటి శాస్త్ర, సాంకేతిక విధానం లక్ష్యంగా పెట్టుకున్నది. చైనా అప్పటికే 2 శాతాన్ని, దక్షిణ కొరియా 4 శాతాన్ని దాటిపోయాయి. మరింత శోచనీయమైన సంగతి మరొకటి ఉన్నది. మన మొత్తం వ్యయంలో ఉన్నత విద్యారంగం వాటా కేవలం 8.8 శాతం. రాష్ట్ర ప్రభుత్వాల వాటా 6.7 శాతం. అంటే కొత్త ప్రశ్నలు పుట్టవలసిన విశ్వవిద్యాలయాలకు దక్కుతున్నది వందలో తొమ్మిది రూపాయలు కూడా లేదు.

ఈ లోటును పూడ్చడానికి కేంద్రం ఇటీవల పెద్ద అడుగులే వేసింది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు చట్టం చేస్తూ ఐదేళ్లలో 50 వేల కోట్ల రూపాయలు సమకూరుతాయని ప్రకటించింది. అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నది అంచనా. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన పథకాన్ని ఆమోదించింది. ఈ రెండూ స్వాగతించదగినవే. కాని రెండో పథకం మార్కెట్టుకు చేరువైన పరిజ్ఞానాలకు, ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకి లేదా వడ్డీ లేకుండా దీర్ఘకాలిక రుణాలిచ్చేందుకు ఉద్దేశించినది. మొదటిదానిలో పెద్ద భాగం కంపెనీల ఔదార్యంపై ఆధారపడింది. గుండెగోడలోని నాడీ కొసను వినడానికో, ఆకు ఎర్రని మెరుపును కొలవడానికో ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది? అప్పు తెచ్చి ప్రశ్నలు అడగడం ఏ పరిశోధకుడికి సాధ్యం? పండు కోతకు వచ్చిన చెట్టుకు లక్ష కోట్లు కేటాయించి, మొక్క నాటేవానికి చెంబుడు నీరు కరువు చేయడం వివేకం అనిపించుకోదు.

బీదదేశానికి ఇవన్నీ ఎందుకని కొందరు వాదిస్తారు. ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేం. ఆసుపత్రుల్లో మంచాలు చాలని చోట, బడులకు పైకప్పు లేని చోట ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిందే. మౌలిక పరిశోధన పేరిట జరిగేదంతా ఉత్తమమైనదేమీ కాదు. సంఖ్య కోసం పత్రాలు అచ్చువేసుకునేవారు, ఇతరుల కృషిని తమదిగా చెలామణి చేసేవారు మనమధ్యనే ఉన్నారు. ఈ రుగ్మతను అందరికంటే ముందు గుర్తించినవారిలో పెయింటల్ ఒకరు. పరిశోధనలో నీతిని కాపాడేందుకు 1986లో ఢిల్లీలో శాస్త్రీయ విలువల సంఘాన్ని నెలకొల్పడంలో ఆయనదే ముఖ్యపాత్ర. శాస్త్రవేత్తను ప్రజలు ఏమి అడగాలో ఆయన జీవితమే సూచించింది. నీ పరిశోధన ఎప్పుడు అమ్ముడవుతుందని కాదు, నీ ప్రశ్న విలువైనదా, నీ కొలత నిజాయితీగా ఉన్నదా అని అడగాలి. జవాబుదారీతనం అంటే అదీ. లాభం వచ్చే తేదీని ముందుగా రాసివ్వమనడం జవాబుదారీతనం కాదు.

పైగా మౌలిక పరిశోధనకు కావలసింది బ్రహ్మాండమైన మొత్తాలు కాదు. అది కోరేది చిన్నమొత్తమే అయినా తప్పక, తెంపు లేకుండా అందే సాయం. 2023లో జూనియర్ పరిశోధక విద్యార్థుల వేతనాన్ని నెలకు 37 వేల రూపాయలకు పెంచారు. మంచిదే. అది ఏ నెలకానెల చేతికి అందకపోతే పెంచిన ప్రయోజనం ఏమున్నది? చెడిపోయిన పరికరానికి విడిభాగం తెప్పించుకోవడానికి ఏడాది పట్టే కొనుగోలు నిబంధనల మధ్య ఏ యువకుడు ఇరవై ఏళ్ల ప్రశ్నకు జీవితాన్ని అంకితం చేస్తాడు? అతడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లినా, విదేశానికి విమానమెక్కినా తప్పుపట్టే హక్కు మనకు లేదు.

చేయవలసినది ఏమిటి? అనుసంధాన్ సంస్థ నిధుల్లో నిర్ణీత భాగాన్ని మార్కెట్టు ప్రమేయం లేని మౌలిక ప్రశ్నలకు, అందులోనూ విశ్వవిద్యాలయాలకు, కేటాయించాలి. ప్రాజెక్టుల గడువును మూడేళ్ల నుంచి పదేళ్లకు పెంచి, మధ్యలో నిపుణుల నిష్పక్షపాత సమీక్ష జరిపించాలి. పరిశోధక విద్యార్థుల వేతనాలను ఉద్యోగుల జీతాలతో సమానంగా నెల మొదటి తేదీకే చెల్లించాలి. భౌతిక, జీవశాస్త్రాల విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చుని పనిచేసే విధంగా పాఠ్యప్రణాళికలను సవరించాలి. ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తమ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన అధ్యాపకుల ఖాళీలను భర్తీ చేయాలి. గురువు లేని ప్రయోగశాలలో పరికరాలు ఎన్ని ఉన్నా అలంకారాలే.

వచ్చే కార్తీకానికీ ఢిల్లీని పొగ కమ్ముకోవచ్చు. ఊపిరాడని మనిషి నాడి మెదడుకు వార్త పంపుతూనే ఉంటుంది. మసి పట్టిన ఆకు అందిన వెలుతురుతోనే మనకు అన్నం వండుతూనే ఉంటుంది. ఆ రెండింటి భాషనూ అర్థం చేసుకోగలవారు అప్పటికి మన ప్రయోగశాలల్లో మిగిలి ఉంటారా లేదా అన్నది నేటి పద్దుల్లో మన పాలకులు రాసే అంకెలపై ఆధారపడి ఉన్నది. ఫలం కోరేవారు ముందుగా వేరుకు నీరు పోయాలన్నది మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేని పాఠం. అది ఆర్థిక మంత్రిత్వశాఖకు కూడా తెలియాలి.